ఫేస్‌బుక్‌లో పెట్టిన కథ పత్రికకు పనికిరాదా?

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతున్నాను. నాలుగేళ్లుగా మా ఊరి మనుషుల గురించి మా యాసలోనే చిన్న చిన్న కథలు రాసి ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. ఇప్పటికి అరవై దాకా అయ్యాయి. ఆరు వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఈ మధ్య వాటిలో ఒక కథను ఒక ఆదివారం అనుబంధానికి పంపితే, ఇప్పటికే ఫేస్‌బుక్‌లో ఉంది కాబట్టి తీసుకోలేమని తిప్పి పంపారు. పుస్తకం వేయమని ఒక ప్రచురణకర్తను అడిగితే, ఆయన కథల గురించి ఒక్క మాట కూడా అడగకుండా ‘ఫాలోవర్లు ఎంతమంది?’ అన్నారు. సంఖ్య చెబితే పెదవి విరిచారు. ఒకరికి నేను అక్కడ ఉండటమే తప్పయింది, ఇంకొకరికి ఉన్నది చాలలేదు. పైగా రెండేళ్ల కిందట ఒక పెద్ద విమర్శకుడితో అక్కడే గొడవపడ్డాను. అది ఇప్పుడు అడ్డు వస్తుందేమోనని భయంగా ఉంది. పోస్టులన్నీ తీసేయమంటారా? అక్కడ రాయడమే మానేయమంటారా? మూడు కథలు జత చేస్తున్నాను. వాటిలో మూడోది ఇంకా ఎక్కడా పెట్టలేదు.

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నల్లో తేలికైనదానికి ముందు జవాబు చెబుతాను. పోస్టులు తీసేయవద్దు. మరే కారణంతోనైనా తీసేయదలచుకుంటే అది మీ ఇష్టం గాని, తీసేస్తే పత్రికకు పంపుకోవచ్చునన్న ఆశతో మాత్రం ఆ పని చేయవద్దు. ఒకసారి పదిమంది చదివిన కథ, మీరు చెరిపేసినంత మాత్రాన అముద్రితం కాదు.

పత్రికలు అడిగే హామీ పత్రం మీరు చూసే ఉంటారు. ఈ కథ నా సొంతం, దేనికీ అనువాదం గాని అనుసరణ గాని కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అనేవి అందులో మొదటినుంచీ ఉన్న మాటలు. బ్లాగుల్లో గాని, వెబ్‌సైట్లలో గాని, సామాజిక మాధ్యమాల్లో గాని పెట్టలేదు అన్నది తరువాత వచ్చి చేరిన మాట. ఆ మాట కింద సంతకం పెట్టేటప్పుడు, కథ ఈరోజు అక్కడ ఉందా లేదా అని కాదు, ఎప్పుడైనా అక్కడ ఉండిందా అని మిమ్మల్ని అడుగుతున్నారు.

నేను ఒక వారపత్రికలో కథల పేజీ చూస్తున్న రోజుల్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మంచి కథ ఒకటి వచ్చింది, ఎంపిక చేశాం, చిత్రకారుడు బొమ్మ కూడా వేసి ఇచ్చాడు, పేజీ కట్టడం అయిపోయింది. పేజీలు అచ్చుకు వెళ్లే రోజు ఉదయం ప్రూఫులు దిద్దే మిత్రుడు వచ్చి, ఇది మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో చదివానండీ అన్నాడు. తన ఫోను వెతికి చూపించాడు కూడా. పేరు లేదు, శీర్షిక వేరు, చివర ‘సేకరణ’ అని మాత్రం ఉంది. రచయితకు ఫోన్ చేస్తే, రెండేళ్ల కిందట ఫేస్‌బుక్‌లో పెట్టిన మాట నిజమేననీ, మాకు పంపేముందు తీసేశాననీ అమాయకంగా ఒప్పుకున్నారు. ఆయన తీసేసింది తన గోడ మీది నుంచి మాత్రమే. అప్పటికే ఎవరో దాన్ని కాపీ చేసి, పేరు కత్తిరించి, ఊళ్ల మీదికి వదిలేశారు. కథ ఆపి, ఆ స్థానంలో వేరే కథ సర్దడానికి ఆ రోజంతా పట్టింది. ఆయన మళ్లీ కథ పంపినప్పుడు నాకు తెలియకుండానే నా చేయి ముందు గూగుల్ మీదికి వెళ్లింది. మోసం చేశాడని కోపం కాదు, ఒకసారి ఉలిక్కిపడ్డ చేయి అది. సంపాదకులు వెతికే పద్ధతి కూడా పెద్ద రహస్యమేమీ కాదు. కథలో మరెవరూ అలా రాయరనిపించే వాక్యం ఒకటి తీసుకుని, దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతుకుతారు. శీర్షిక మార్చినా, పాత్రల పేర్లు మార్చినా ఆ వాక్యం దొరికిపోతుంది.

ఇందులో సంపాదకుడి పంతం కన్నా పత్రిక లెక్క ఎక్కువ. పత్రిక మీకు పారితోషికం ఇచ్చేది కథను మొట్టమొదట తన పాఠకుడి చేతిలో పెట్టే హక్కు కోసం. మీ ఆరు వేల మందిలో ఆ పత్రిక పాఠకులు ఎంతమంది ఉన్నారన్నది దానికి అక్కర్లేదు, ఉండవచ్చునన్న అనుమానం చాలు. ఇక్కడ నా అభిప్రాయం కూడా చెప్పాలి: పాతికమంది చూసిన పోస్టునూ, పాతికవేలమంది చూసిన పోస్టునూ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా తోచదు. కాని ఆ నియమం ఆ ఇంటిది. దాన్ని తెలిసి దాటడం కన్నా, తెలిసి ఆ ఇంటికి వేరే కథ తీసుకుపోవడం మేలు.

పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. తెలుగులో కథల సంపుటి అంటేనే అంతకుముందు ఎక్కడెక్కడో అచ్చయిన కథల కూర్పు. ప్రతి కథ చివరా పత్రిక పేరు, తేదీ వేసుకోవడం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. వారపత్రికల్లో వారం వారం వచ్చిన సీరియళ్లే ఆ తరువాత నవలలుగా అచ్చయి, అద్దె పుస్తకాల షాపుల్లో అట్టలు ఊడిపోయేదాకా తిరిగాయి. కాబట్టి ఫేస్‌బుక్‌లో వచ్చింది గనక పుస్తకంగా వేయం అని ప్రచురణకర్త అనడు. ఆయనకు ఉండే సంకోచం ఒక్కటే: అరవై కథలూ అక్కడ ఉచితంగా దొరుకుతుంటే డబ్బిచ్చి కొనేది ఎవరని. దానికి విరుగుడు మీ చేతిలోనే ఉంది. పుస్తకం ఖాయమైన నాడు పది పన్నెండు కథలు అందరికీ ఉంచి, మిగిలినవి మీకు మాత్రమే కనబడేలా మార్చండి. వాటి కింద వచ్చిన వ్యాఖ్యలు, తేదీలు భద్రంగా ఉంటాయి. ఎవరైనా మీ కథను తమదంటే ఆ తేదీలే మీకు సాక్ష్యం. పుస్తకంలో నాలుగో వంతైనా ఎవరూ చదవని కథలు ఉండేటట్టు చూసుకోండి.

పత్రిక అంటే అచ్చు పత్రికే అనుకోవద్దు. 1978లో మొదలై కొన్ని తరాల పాఠకులకు నవలలూ కథలూ అందించిన చతుర, విపుల కరోనా కాలంలో ఆగిపోయాయి. కథ పంపడానికి ఉన్న అచ్చు వేదికలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మరోవైపు అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన ఈమాట మొదలుకొని ఎన్నో వెబ్ పత్రికలు నడుస్తున్నాయి. కథాసాహితి వారు 1990 నుంచి ఏటా తెస్తున్న ‘కథ’ సంకలనాల్లో వెబ్ పత్రికల్లో వచ్చిన కథలకూ చోటు దొరికింది. మీ గోడకూ వెబ్ పత్రికకూ తేడా ఏమిటంటే, అక్కడ మీ కథను మీరు కాక మరొకరు చదివి, ఇది బాగుంది, ఈ పేరా అనవసరం, ఇక్కడ కాలం కుదరలేదు అని చెప్పి, ఆ తరువాత ప్రచురిస్తారు. మీరు సొంతంగా ఎక్కించుకునే ప్రతిలిపి వంటి వేదికలు ఈ విషయంలో మీ గోడ వంటివే. వాటిలో పాఠకులు ఎందరున్నా, అచ్చు పత్రిక దృష్టిలో అదీ ప్రచురణే, వెబ్ పత్రిక దృష్టిలోనూ సాధారణంగా ప్రచురణే.

ఇక ‘ఫాలోవర్లు ఎంతమంది?’ అన్న ప్రశ్న. అది విని మీకు బాధ కలగడం సహజమే గాని, ఆయన అడిగింది నిజానికి ‘ఈ పుస్తకం ఎవరు కొంటారు?’ అని. ఒకప్పుడు తెలుగులో వెయ్యి ప్రతులు వేయడం మామూలు. ఇప్పుడు చిన్న ప్రచురణకర్తలు డిజిటల్ ముద్రణలో రెండు మూడు వందలు వేసి, అయిపోతే మళ్లీ వేస్తున్నారు. పుస్తకాల షాపుకు ఇచ్చే కమీషను, కొరియరు ఖర్చు పోగా మిగిలేది తక్కువ గనక, రచయిత పోస్టు చూసి నేరుగా ఫోన్‌పే చేసి కొనే పాఠకుడు ఆయనకు ప్రాణం. ఆ మేరకు ఆయన ప్రశ్నలో తప్పులేదు. తప్పు ఆ అంకెను నమ్మడంలో ఉంది. ఇరవై వేల మంది వెంట నడిచే ఒక కవి పుస్తకం మా కళ్లముందే ఏడాదిలో నూట యాభై ప్రతులు దాటలేదు. ఆవిష్కరణ ఫొటోకు మూడు వేల లైకులు వచ్చాయి. లైకు కొట్టడానికి బొటనవేలు చాలు, పుస్తకం కొనడానికి చిరునామా టైపు చేయాలి, పిన్‌కోడు గుర్తు తెచ్చుకోవాలి, డబ్బు పంపాలి, వారం రోజులు ఎదురుచూడాలి. మీ ఆరు వేల మందిలో ఆ నాలుగు పనులూ చేసేవారు ఎవరో మీకు ఇప్పటికే కొంత తెలుసు. కథలో ఫలానా మాటకు అర్థం ఏమిటని అడిగినవారు, మా అవ్వ కూడా ఇట్లాగే చేసేదని తమ కథ చెప్పినవారు, పుస్తకం ఎప్పుడు తెస్తారని అడిగినవారు. ఒక నోటుబుక్కులో వారి పేర్లు రాసుకోండి. నూరు దాటితే ప్రచురణకర్త దగ్గర ఆరు వేలు అన్న మాటకన్నా ఆ నూరు అన్న మాటే చెప్పండి. అనుభవం ఉన్నవాడైతే దాని విలువ ఆయనకు తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: ఫాలోవర్ల సంఖ్య విని పెదవి విరిచినవాడు ఆ తరువాతి మాటగా, అయితే ఒక రెండు వందల కాపీలు మీరే కొనుక్కోవాలి అంటే, ఆయన ప్రచురణకర్త కాదు, ముద్రాపకుడు. ఆ పని మీరే ఒక డీటీపీ సెంటరుకు వెళ్లి ఇంకా చవకగా చేయించుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పినవన్నీ బయటి సంగతులు. అంతకన్నా నేను దిగులుపడేది మరొకదాని గురించి. మీరు పంపిన మూడు కథలు రెండేసిసార్లు చదివాను. స్టోరు బియ్యం కథలో ఓబులమ్మ వేలిముద్ర మిషన్‌లో పడదు. శెనక్కాయలు వొలిచి వొలిచి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి. డీలరు మూడుసార్లు ప్రయత్నించి, విసుక్కుని, ఆఖరికి తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె బొటనవేలు తానే తుడిచి, మళ్లీ మిషన్ మీద పెడతాడు. ఆ తుడవటంలో విసుగూ ఉంది, కొడుకు వరస మనిషి చూపే ఆపేక్షా ఉంది. ఏది ఎక్కువో మీరు చెప్పలేదు. కథ అక్కడ అయిపోయింది. కాని మీరు ఆపలేదు. ఒక ఖాళీ వదిలి, ‘మిషన్‌కు ఆమె తెలియదు. మట్టికి తెలుసు.’ అని రెండు వాక్యాలు చేర్చారు. మీ పోస్టు కింద చూశాను. వ్యాఖ్యల్లో సగానికి పైగా ఆ రెండు వాక్యాలనే ఎత్తి రాసి, పక్కన దండాలు పెట్టారు. తువ్వాలు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

అది వారి తప్పు కాదు. ఫోను మీద వేగంగా పైకి జరిగిపోయే అక్షరాల మధ్య ఆగాలంటే పాఠకుడికి అటువంటి మెరుపు ఒకటి కావాలి. మీకు తెలియకుండానే మీ కలం ఆ మెరుపు కోసం రాయడం నేర్చుకుంది. మీ గోడ మీద ఉన్నవాటిలో మరో పది కథలు వెతికి చదివాను, పదింటిలో ఎనిమిది ఇలాగే ముగిశాయి. ఒక్కొక్కటిగా, వారానికొకటి చదివేవారికి ఇది కనబడదు. పుస్తకంలో వరుసగా చదివేవాడికి మూడో కథకే తెలిసిపోతుంది, ఐదో కథకు విసుగు పుడుతుంది. సంపాదకుడు చదివేది ఆ రెండోవాడిలాగే. ఫేస్‌బుక్ కథలు అని మా వాళ్లు కొంచెం చులకనగా అనే మాటకు అసలు కారణం ఇదే. అవి ఎక్కడ వచ్చాయన్నది కాదు. ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క పేరాగా విరిగిపోవడం, నాలుగు వందల మాటలకు కథ ముగియడం, మనిషి మారడానికి కావలసినంత కాలం కథలో లేకపోవడం, చివర మెరుపు.

ఇంకొకటి కూడా గమనించాను. నాలుగేళ్ల కిందటి కథల్లో మీరు శెనక్కాయలు అని ధైర్యంగా రాశారు. ఏడాది తరువాత శెనక్కాయలు రాసి పక్కన వేరుశనగ కాయలు అని అర్థం ఇచ్చారు. ఈ ఏడాది కథ ఒకదానిలో నేరుగా వేరుశనగ కాయలే ఉన్నాయి. ఎవరో అర్థం కాలేదన్నందుకు మీరు మీ ఊరి మాటను వదులుకుంటున్నారు. సీమ కథ కోసం ఎదురుచూసే సంపాదకుడు మీ నుంచి కోరేది సరిగ్గా ఆ మాటనే. అడిగినవారికి వ్యాఖ్యల్లో అర్థం చెప్పండి, కథలో మాత్రం మాట మార్చకండి.

కాబట్టి అక్కడ రాయడం మానేయమంటారా అన్న ప్రశ్నకు నా జవాబు: మానవద్దు, కాని అక్కడ పెట్టేది మార్చండి. ఊళ్లో విన్న సామెత, చదివిన కథ మీద నాలుగు మాటలు, పరస (జాతర) గురించి, వానరాని కార్తె గురించి చిన్న జ్ఞాపకం, ఇవి పెట్టండి. మీ చూపు, మీ భాష ఎలాంటివో తెలుసుకోవాలనుకునే సంపాదకుడికి అవే ఎక్కువ చెబుతాయి. కథను మాత్రం మీ దగ్గరే ఉంచుకుని, నెల తరువాత తీసి, గట్టిగా చదివి, దిద్దండి. పోస్టు చేసిన పది నిమిషాలకే ‘సూపర్ అక్కా’ వినబడే అలవాటు నుంచి ఆ నెలరోజుల నిశ్శబ్దానికి రావడం కష్టమే.

విమర్శకుడితో గొడవ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మీరు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. సీమ కథలన్నీ కరువు కథలేనన్న ఆయన మాటను మీరు ఖండించిన తీరు బాగుంది, ఉదాహరణలతో ఉంది. అది మీకు గౌరవమే తెస్తుంది. ఆయన వయసు గురించీ, ఆయన ఉద్యోగం గురించీ రాసిన ఒక వాక్యం మాత్రం మీది కాకుండా ఉండవలసింది. ఆ పోస్టు మొత్తం మాయం చేయకుండా, ఆ ఒక్క వాక్యం తీసేసి, తీసేశానని కిందే ఒక ముక్క రాయండి. సంపాదకులు రచయితల గోడలు చూస్తారు, నిజమే. ఎవరు ఎవరితో విభేదించారన్నది వారు గుర్తుపెట్టుకోవడం నేను అరుదుగా చూశాను. కథ తిరిగి వచ్చిన మర్నాడే పత్రికను పేరుపెట్టి తిట్టినవారిని, సంపాదకుడు రాసిన ఉత్తరాన్ని ఫొటో తీసి అందరి ముందూ పెట్టినవారిని మాత్రం మరిచిపోరు. మీరు ఆ రెండూ చేయలేదు.

ఒక చట్టపరమైన విషయం. మీ రెండో కథను ఎవరో యూట్యూబులో చదివి పెట్టారనీ, కనీసం పేరైనా చెప్పలేదనీ ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాశారు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు మీది, దానికి ఎక్కడా నమోదు చేయించనవసరం లేదు. బయట పెట్టినందువల్ల ఆ హక్కు పోదు. యూట్యూబులోనే ఫిర్యాదు చేసే వీలుంది, మీ పోస్టు లింకూ తేదీ చూపితే సరిపోతుంది. పుస్తకం విషయంలో ప్రచురణకర్తతో నోటిమాటగా ఏదీ కుదుర్చుకోవద్దు. హక్కుల బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంత కాలానికో అందులో రాయకపోతే ఐదేళ్లకనీ, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికనీ చట్టం అర్థం చెబుతుంది. ఆడియో హక్కు, ఈ-బుక్ హక్కు ఎవరివో విడివిడిగా రాయించుకోండి. శ్రోతలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఆడియోను ‘తదితర హక్కులు’ అన్న మాటలో కలిసిపోనివ్వకండి.

మీరు పంపినవాటిలో మూడో కథ, బోరుబావి కోసం తాళి తాకట్టు పెట్టిన ఇంటి కథ, మిగిలిన రెండింటికన్నా పొడవైనది. అందులో మెరుపు వాక్యం లేదు, శెనక్కాయలు శెనక్కాయలుగానే ఉన్నాయి. ముందు దాన్ని పంపండి. ఒకే పత్రికకు పంపండి. జతచేసే ఉత్తరంలో మీ ఊరు, మీరు చేసే పని, ఇది అముద్రితమన్న హామీ, ఫేస్‌బుక్‌లో నాలుగేళ్లుగా చిన్న కథలు రాస్తున్నానన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. ఆరు వేల సంఖ్య అక్కర్లేదు. జవాబు వచ్చేదాకా, లేదా ఆ పత్రిక చెప్పిన గడువు దాటేదాకా, ‘నా కొత్త కథ నుంచి’ అంటూ దానిలోని నాలుగు పంక్తులు కూడా గోడ మీద పెట్టకండి. కొటేషన్ గుర్తుల మధ్య వెతికేవాడికి ఆ నాలుగు పంక్తులే ముందు దొరుకుతాయి.